సముద్రం దిక్కు కట్టిన కనాతు

వానలు వెనకబట్టి ఎండ మళ్లీ చురుక్కుమనే రోజుల్లో ఇనుప సందుగ మూత ఎత్తితే మొదట కర్పూరం వాసన వస్తుంది, దాని వెనుక కలరా ఉండల వాసన, ఆ రెండింటికీ అడుగున, ముక్కు బాగా దగ్గర పెడితే తప్ప దొరకని మరో వాసన, ఉప్పూ తడి ఇసుకా కలిసి ఎండినట్టుండే వాసన. ఏటా బతుకమ్మ పండుగకు ముందు మా కనాతును సందుగలో నుంచి తీసి, జగిత్యాలలో నేనుండే ఈ అద్దె ఇంటి మేడ మీద ఆరేస్తాను. ఈసారి ఆరేస్తుంటే కింది వాటాలో ఉండే లావణ్య బట్టల బకెట్టుతో పైకి వచ్చి చూసింది. చందుర్తి పిల్ల, మొగుడు మస్కట్‌లో ఉంటాడు. "ఏందమ్మా గిది, టెంటుహౌసోళ్లదా?" అని అడిగింది. మా ఇంటిది అన్నాను. ఆ పిల్ల అడిగినదానిలో తప్పేమీ లేదు, టెంటుహౌసు గుడ్డలు తప్ప కనాతు చూసిన కళ్లు ఈ కాలంలో ఎవరికున్నాయి.

కనాతు అంటే గుడారం చుట్టూ కట్టే గుడ్డ గోడ. మా ఇంట్లో దానికి గుడారంతో పని లేదు. మా ఆడవాళ్లు ఘోషా పాటించేవాళ్లు. పరాయి మగవాళ్ల కంట పడకూడదు కనుక వాళ్లు గడప దాటితే ఇంటి గోడలు కూడా వెంట నడవాలి, అలా వెంట నడిచే గోడలే కనాతు. సిరిసిల్లలో చేతిమగ్గం మీద చిక్కగా నేయించిన గుడ్డ, దాని మీద కావి రంగు అద్దకం, కోరుట్లలో దర్జీ చేత అంచులకు తోలు పట్టీలు, వెదురు గడలు దూర్చడానికి సంచుల్లాంటి మడతలు, కట్టుకోవడానికి నులక తాళ్లు. నాలుగు దిక్కులకు నాలుగు పలకలు ఉండేవి. ఇప్పుడు సందుగలో మూడే ఉన్నాయి. నాలుగోది ఎక్కడున్నదో నాకు తెలుసు, కానీ అక్కడికి పోయి తెచ్చుకునే వీలు లేదు.

మా ఊరు గొల్లపల్లి దాటినాక లోపలికి ఉంటుంది. మా ఇంటిని అందరూ దొర గడి అనేవాళ్లు. దాని గురించి చెప్పబోను, పోయినవాటి కొలతలు చెప్పుకోవడం మా ఇంటా వంటా లేదు. నా చిన్నతనం మాత్రం ఆ లోపలి వాకిలిలోనే గడిచింది. ఎండకాలం కడిగిన బండల మీద వడియాలు ఎండే వాసన, వానకాలం కట్టెల పొయ్యి మీద సర్వపిండి మాడీ మాడకుండా కాలే వాసన, చలికాలం బియ్యప్పిండిలో నువ్వులూ వామూ కలిపి, ఆడవాళ్లంతా తెల్లగుడ్డ చుట్టూ కూర్చొని వేళ్లతో చుట్టలు చుట్టలుగా సకినాలు తిప్పుతుంటే గదంతా నిండే వాసన. మా నాయినమ్మ సకినం తిప్పితే అంచు ఎక్కడ మొదలయ్యిందో దొరికేది కాదు. మా అమ్మ తిప్పిన సకినం కొంచెం వంకరగా వచ్చేది, ఆ వంకరను చూసి నాయినమ్మ ఏటా ఒకే మాట అనేది, అమ్మ ఏటా ఒకేలా నవ్వేది.

అమ్మ పుట్టిల్లు కోరుట్ల. అక్కడ మేడ ఉండేది, చిన్నప్పుడు ఆ మేడ మీదికెక్కి పొద్దుగూకే దాకా దూరంగా చెరువు మీద వాలే కొంగలను చూసేదట. ఈడేరినాక మేడ మెట్లకు తాళం పడింది. పెళ్లయి మా ఇంటికి పరదా కట్టిన కచ్చడం బండిలో వచ్చింది. ఆ తర్వాత ఆమె చూపు ఎంత దూరం పోయినా ఏదో ఒక గోడకు తగిలి ఆగవలసిందే. తెల్లవారుజామున నాకు తల దువ్వుతూ ఒకసారి చెప్పింది, కడుపుకు బువ్వ లెక్కనే కండ్లకు దూరం కావాలట, దగ్గరివే చూసి చూసి తన కండ్లు అలిసిపోయినయట. అప్పుడు నాకు అర్థం కాలేదు. నేను ఇంకా చిన్నదాన్ని కనుక పరదాకు లోపలా బయటా తిరిగే స్వేచ్ఛ ఉన్నదాన్ని, నా కండ్లకు కావలసినంత దూరం ఉండేది.

మేము ఊరు దాటేది ధర్మపురి గోదావరి స్నానానికే. అక్కడ కనాతు కట్టడం చూడవలసిన పని. ఆ పని మా దగ్గర పనిచేసే మల్లయ్యది, వాళ్ల తాతల కాలం నుంచీ వాళ్లదే. గడలు భుజాన వేసుకొని నలుగురు మనుషులు నడుము లోతు నీళ్లలోకి దిగేవాళ్లు, రేవు దిక్కు ఒక పలక, పక్కలకు రెండు, నది దిక్కు ఒకటి నిలబెట్టి, గడలు చేత పట్టుకొని లోపలికి వీపులు పెట్టి నిలబడేవాళ్లు. ఆడవాళ్లు లోపల మునిగి, జుట్టు పిండుకొని, చీరలు మార్చుకొని బయటికి వచ్చేదాకా ఒక్కరి మెడ కూడా తిరిగేది కాదు. నది దిక్కు పలక ఎందుకని నేను అడిగితే, అవతలి ఒడ్డున మనుషులుంటారు, పడవలు వస్తాయి అని మల్లయ్య చెప్పాడు. నిజమే, గోదావరికి అవతలి ఒడ్డు ఉంటుంది, అక్కడ బట్టలు ఉతికేవాళ్లు చీమల్లా కనిపించేవాళ్లు.

ఒక ఏడాది నాయినమ్మకు పెద్ద జబ్బు చేసి తగ్గింది. తగ్గితే మాఘ పున్నమికి సముద్ర స్నానం చేస్తానని మొక్కుకున్నదట, కోడలితో సహా చేయాలని. మా బాపు, అంటే నాన్న, తల్లి మాట జవదాటే మనిషి కాదు. సముద్రమనే మాట ఇంట్లో పుట్టిన రోజు నుంచీ అమ్మ నడకే మారిపోయింది. దారికని సకినాలూ అరిసెలూ డబ్బాలకెత్తుతూ, పులిహోరకు చింతపండు పిసుకుతూ తనలో తాను నవ్వుకునేది. సముద్రం ఎంతుంటుందో తెలిసినవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు. బాపు కూడా చూడలేదు. చూడలేదన్న సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

మా నల్ల కారు అద్దాలకు పచ్చ పరదాలుండేవి. ముందు సీట్లో బాపు, డ్రైవరు, మల్లయ్య, వెనుక పరదాల మధ్య నాయినమ్మ, అమ్మ, నేను, కారు పైన తాళ్లతో బిగించిన వెదురు గడలు. కనాతులో ఒక పలక పాతబడి చిరిగితే సిరిసిల్లలో కొత్తది నేయించి అక్కడే కుట్టించారు, దాన్ని తీసుకోవాలని కొడిమ్యాల మీదుగా పోయి, వేములవాడలో దండం పెట్టుకొని, సిరిసిల్లలో ఆగాము. ఆ వీధి పొడుగునా సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు ఆడుతున్నాయి. ఇంటింటా ఆ చప్పుడే, కారు రేకు కూడా సన్నగా వణికింది. అమ్మ పరదాకు చెవి ఆనించి చాలాసేపు విన్నది. ఎన్ని సాంచాలుంటయి బిడ్డా అని అడిగింది. నేను తల బయట పెట్టి చూసి లెక్క పెట్టలేనన్ని అన్నాను. అప్పటికే మా ఇద్దరికీ అలవాటయిన పని అది, నేను చూడడం, ఆమెకు చెప్పడం.

సిద్దిపేట, సూర్యాపేట దాటి, బెజవాడలో తెలిసినవాళ్ల ఇంట్లో రాత్రి ఉండి, పొద్దున్నే సముద్రం దిక్కు బయలుదేరాము. పున్నమి స్నానానికి జనమంతా పోయే రేవు ఒకటుంది, అక్కడికి వద్దన్నాడు బాపు. మనుషులు లేని ఒడ్డు కావాలని దారిపొడుగునా అడిగించాడు. చివరికి తారు రోడ్డు అయిపోయి, మట్టి బాట అయిపోయి, సరుగుడు తోపుల్లో ఇసుకకు కారు చక్రాలు కూరుకుపోయి ఆగిన చోట దిగాము. గుడి లేదు, మెట్లు లేవు, కొబ్బరికాయల దుకాణం లేదు. తోపులో గాలి ఈల వేస్తున్నది. ఆ ఈల వెనుక ఇంకేదో పెద్ద చప్పుడు, విడవకుండా. ఆ చప్పుడు విని అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

కారు దిగేముందు నా చెవిలో ఒక మాట చెప్పింది. "సముద్రం దిక్కు పరదా కట్టకుమని బాపుతోని చెప్పు బిడ్డా. గా ఒక్క దిక్కు ఇడిసిపెడితె సాలు."

నేను ఉరికి పోయి బాపుకు చెప్పాను. ఆయన అప్పటికి తోపు అంచున నిలబడి మొదటిసారి సముద్రాన్ని చూస్తున్నాడు. ఆయన ముఖంలో అటువంటి నిలకడలేనితనం నేను అంతకు ముందు చూడలేదు. తర్వాత శాలువా సర్దుకొని అన్నాడు, "నీళ్లన్నంక అవుతలి ఒడ్డుంటది. పడవలొస్తయి. నాలుగు దిక్కుల కట్టుమను."

బాపును తప్పు పట్టేవాళ్లుంటారు. నేను పట్టను. నదుల దగ్గర పుట్టి పెరిగిన మనిషికి ఒడ్డు లేని నీళ్లను చూడగానే నమ్మడం చేతకాదు. తన ఇంటి ఆడవాళ్లను తాతలు కాపాడినట్టు కాపాడడం తప్ప ఆయనకు ఇంకో రకం ప్రేమ ఎవరూ నేర్పలేదు.

మల్లయ్యా డ్రైవరూ గడలు పాతారు. అక్కడ నలుగురు మనుషులు లేరు కనుక గడలను ఇసుకలోనే దిగగొట్టి, తాళ్లు లాగి మేకులకు కట్టారు. అల వచ్చి వెనక్కి పోయే చోట, కాళ్లు తడిసే మేర, చుట్టూ నాలుగు కావి గోడలు లేచాయి. కొత్త పలకను సముద్రం దిక్కు కట్టారు, అది గట్టిదని. గాలికి అది పొట్ట ఉబ్బించి టపటప కొట్టుకుంటున్నది. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకొని ఆ దారిన పోతున్న ఒక పల్లెకారు ఆడమనిషి ఆగి, నడుం మీద చెయ్యి పెట్టుకొని చూసింది. "ఏంటయ్యా, పెళ్లి పందిరేస్తన్నారా? పెళ్లికూతురేదీ?" అని నవ్వింది. మల్లయ్య ఆమె దిక్కు చూడకుండా మరో మేకు కొట్టాడు. నాయినమ్మా అమ్మా నిండా కొంగు కప్పుకొని, కారు నుంచి కనాతు దాకా పరిచిన జంపఖానా మీద తల వంచుకొని నడిచి లోపలికి వెళ్లారు. వాళ్ల వెనుక తాళ్లు ముడిపడ్డాయి. బాపు ఇసుకదిబ్బ మీద మాకూ సముద్రానికీ వీపు పెట్టి నిలబడ్డాడు.

నేను బయట ఉన్నాను. నా కాళ్ల కింద ఇసుక జారిపోతున్నది, ఎర్రటి ఎండ్రికాయలు బొరియల్లోకి దూకుతున్నాయి, నురుగు వచ్చి నా గాజుల దాకా చిమ్ముతున్నది. ఆ నీలం, ఆ ఎండ, ఆ అంతులేనితనం చూసి నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అప్పుడు గుడ్డ గోడ లోపల నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"ఎట్లున్నది బిడ్డా?"

ఏమని చెప్పాలి. ఆమెకు తెలిసినవాటితోనే చెప్పాలి కదా. సిరిసిల్ల సాంచాలన్నీ ఒక్కసారే ఆడినట్టు చప్పుడన్నాను, అది తనకూ వినిపిస్తున్నదన్నది. పెద్ద గంగాళంలో నీలిమందు కలిపినట్టు నీళ్లన్నాను. దూదేకులాయన ఏకిన దూదంతా ఎవరో తెచ్చి ఒడ్డున పోస్తున్నట్టు నురుగన్నాను. ఇంకా అన్నది అమ్మ. అవతల ఏమున్నదన్నది.

"అవుతల ఒడ్డు లేదమ్మా," అన్నాను. "ఆకాశమే అచ్చి నీళ్లల్ల కూసున్నది."

లోపల నుంచి అమ్మ అన్నది, "ఒడ్డు లేకపోతె గీ దిక్కు పరదా ఎవలకు కట్టిండ్రు?"

నాయినమ్మ లోపల నుంచి, ముచ్చట్లు చాలించి మునుగు కోడలా అని విసుక్కుంది. వాళ్లిద్దరూ చేతులు పట్టుకొని మునిగారు కాబోలు, నాయినమ్మ దేవుడి పేర్లు చెప్పడం వినిపించింది. అంతలో దూరాన నీళ్లు ఒక వరుసగా లేచి, మా ఇంటి పిట్టగోడంత ఎత్తున వంగి వచ్చాయి. గోదావరి ఎన్నడూ అలా చేయలేదు. అల వచ్చి కొత్త పలకను పొట్టలో గుద్దింది. మేకులు ఊడి, గడలు విరిగి, ఆ పలకకు పలక లేచి, వెనక్కి పోయే నీళ్లతో సముద్రంలోకి వెళ్లిపోయింది. మిగతా మూడు గోడలూ వణుకుతూ నిలబడ్డాయి. సముద్రం దిక్కు తలుపు తెరిచినట్టు మొత్తం తెరుచుకుంది.

అమ్మ ముందర ఇప్పుడు ఏమీ అడ్డం లేదు. ఇన్నేళ్లుగా ఆమె కండ్లు అడిగిన దూరమంతా అక్కడే, చెయ్యి చాస్తే అందేటట్టు ఉంది. నేను పక్క నుంచి ఉరికి వచ్చి చూసేసరికి ఆమె తడిసిన కొంగును ముఖం మీదికి లాగేసుకొని, సముద్రానికి వీపు తిప్పి, నీళ్లలో ముడుచుకొని కూర్చున్నది. గోడ పోయిన దిక్కుకు వీపు తిప్పాలి, ముఖం దాచాలి. ఈడేరిన నాటి నుంచి ఆమె చేతులకు అలవాటైన పని అది, ఆ చేతులు ఆమెను అడగలేదు. ఆమె వీపు మాత్రమే సముద్రాన్ని చూసింది.

"సూడమ్మా, ఎవ్వలు లేరు, సూడు," అని నేను ఆమె భుజం పట్టి ఊపాను. కొంగు లోపల నుంచి, నిజంగ ఎవలు లేరా అని అడిగింది. లేరన్నాను. ఆమె చెయ్యి కొంగు అంచు మీదికి వచ్చింది. ఆ అంచును కొద్దిగా ఎత్తింది కూడా. ఆమె తలతిప్పే లోపల మల్లయ్యా డ్రైవరూ, మా దిక్కు చూడకుండా వెనక్కి వెనక్కి నడుస్తూ, ఒడ్డు దిక్కున్న పలకను పీకి తెచ్చి సముద్రం దిక్కు నిలబెట్టేశారు. నమ్మకమైన మనుషులు, ఆలస్యం చేయడం వాళ్లకు తెలియదు. ఇప్పుడు ఒడ్డు దిక్కు తెరిచి ఉంది, అక్కడ బాపు వీపూ, ఖాళీ ఇసుకా తప్ప ఏమీ లేవు. అమ్మ తల తిప్పి చూసినప్పుడు ఆమెకు కనిపించింది మా కావి రంగు గుడ్డే.

నేను ఒడ్డున నిలబడి చూస్తుంటే కొత్త పలక నీళ్ల మీద విచ్చుకొని, ఎర్రగా, మెల్లగా దూరం పోయింది. మా ఇంటి నుంచి ఆ దూరానికి పోయింది అదొక్కటే.

తిరుగుదారిలో ఎవరూ సముద్రం మాట ఎత్తలేదు. నాయినమ్మ మొక్కు తీరిందని నిద్రపోయింది. పరదాల పచ్చటి చీకట్లో అమ్మ జుట్టు ఉప్పుకు బిరుసెక్కి నా చెంపకు గుచ్చుకుంటుంటే, ఆమె నా చెవిలో మళ్లీ అడిగింది, ఎట్లుండె బిడ్డా అని. నేను మళ్లీ చెప్పాను. ఆ తర్వాత ఎండకాలానికి నేనూ కనాతు లోపలి మనిషినయ్యాను.

ఆ ఘోషా ఎక్కువ ఏండ్లు నిలవలేదు. మాకు చెడ్డరోజులు వచ్చాయి, ఊళ్లు గడీల మీద తిరగబడిన సంగతి లోకానికి తెలిసిందే. పొలాలు పోయాయి, కారు పోయింది, గడి తలుపులు మూసి మేము జగిత్యాలకు వచ్చాము. బాపు ఆ అవమానాన్ని నోరు విప్పకుండా మోసి, విప్పకుండానే వెళ్లిపోయాడు. నేను చదువుకొని టీచరునయ్యాను, పదిమంది ముందు నిలబడి పాఠం చెప్పాను. అమ్మ కూడా కూరగాయల బండి దగ్గరికి ముఖం మీద కొంగు లేకుండా నడిచి వెళ్లింది. ఇంత పెద్ద మార్పు ఇంత చప్పుడు లేకుండా ఎట్లా జరిగిందో ఇప్పటికీ నాకు వింతే. ఇక ఎవరి అనుమతీ అక్కర్లేదు, సెలవుల్లో సముద్రానికి పోదామని నేను అన్న నాటికి ఆమె చూపు మసకబారింది. నీటికాసులన్నాడు కరీంనగర్ డాక్టరు, ఇంకా ముందే రావలసిందన్నాడు. అయినా పోదామమ్మా అన్నాను. అమ్మ నా చెయ్యి తడిమి పట్టుకుంది. "ఇప్పుడు పోతె సప్పుడే కద బిడ్డా. సప్పుడు అప్పుడే ఇన్న."

అప్పటి నుంచి కరెంటు పోయిన సాయంత్రాల్లో ఆమె అడిగేది, నేను చెప్పేదాన్ని. సాంచాలు, నీలిమందు, దూది. ఒక మాట మారిస్తే ఒప్పుకునేది కాదు, గట్ల కాదు, అప్పుడు గిట్ల చెప్పినవ్ అని దిద్దేది. పోయిన ఎండకాలం ఒకరోజు లావణ్య ఫోను పట్టుకొని పైకి వచ్చింది. మొగుడు సెలవు రోజున సముద్రం దగ్గరికి పోయి వీడియో పంపాడట, అమ్మమ్మకు చప్పుడు వినిపిస్తానని చెవి దగ్గర పెట్టింది. అమ్మ విన్నది. విని, ఆ పిల్లకు చెప్పసాగింది, గంగాళంలో నీలిమందు కలిపినట్టుంటయి నీళ్లు, దూది ఏకి పోసినట్టుంటది నురుగు, అవుతల ఒడ్డుండది, ఆకాశమే అచ్చి నీళ్లల్ల కూసుంటది. నేను వంటింట్లో పొయ్యి ముందు నిలబడి వింటున్నాను. లావణ్య ఆశ్చర్యపోయి, నువ్వు సూసినవా అమ్మమ్మా అని అడిగింది.

"సూసిన," అన్నది అమ్మ.

పొయ్యి మీద పాలు పొంగి పోయాయి.

ఈ వానకాలంలో అమ్మ వెళ్లిపోయింది. మల్లయ్య ఎప్పుడో పోయాడు. కచ్చడాలు లేవు, ఘోషా లేదు, పోనీ, దానికి నేను ఏడవను. సిరిసిల్లలో ఆ కావి గుడ్డ నేసిన చేతులు లేవు, ఆ వీధిలో సాంచాల చప్పుడు కూడా పలచబడిందంటారు. మధ్యాహ్నం ఎండకు మూడు పలకలూ వెచ్చబడితే మడత పెట్టడానికి మళ్లీ మేడ ఎక్కాను. లావణ్య వచ్చి, నేను పిలవకపోయినా, రెండో అంచు పట్టుకుంది. మొగుడు వచ్చే నెల సెలవు మీద వస్తున్నాడట, కారు మాట్లాడుకొని పిల్లలతో సముద్రానికి పోతున్నారట. "మీరు సుత రాండ్రమ్మా," అన్నది, "కార్ల జాగ ఉన్నది. ఒక్కలే ఉండి ఏం జేస్తరు?"

మంచి పిల్ల. చూస్తానన్నాను. నిజానికి చూడను. గుడ్డను పొడుగుకు మడిచి, అడ్డానికి మడిచి, కర్పూరం బిళ్లలు సర్ది, సందుగ మూత వేశాను. పోయి సముద్రం ముందర నిలబడితే ఆ నీళ్లు అట్లాగే ఉంటాయి, నాకు తెలుసు. తిరిగి వచ్చినాక, ఎట్లున్నది బిడ్డా అని అడిగే మనిషి ఈ ఇంట్లో లేదు.